టేకుకి పట్టిన పురుగు

ఇంగ్లండులో ఎక్కడో ఒక పల్లెటూరి పక్కన పెద్ద రాతి బంగళా ఒకటి ఉంది. ఉందనే అనుకుంటున్నాను. నేను చూడలేదు, ఈ వయసులో ఇక చూడబోను. కానీ ఆ బంగళా చరిత్ర మాత్రం చదివాను. తోలు అట్ట, బంగారు అక్షరాలు, నున్నటి కాగితం మీద బొమ్మలు. నాలుగు వందల ఏళ్ళ కథ. ఏ రాజు ఏ గదిలో పడుకున్నాడో, ఏ దొరసాని ఏ కిటికీ దగ్గర కూర్చుని ఏడ్చిందో, ఏ వేటకుక్కని తోటలో ఏ మూల పాతిపెట్టారో అన్నీ రాశారు. కుక్క పేరు కూడా రాశారు. ఆ పుస్తకంలో ఒక పేజీ నిండా మా వడ్రంగి మేస్త్రి చేతిరాత ఉంది. ఆయన పేరు మాత్రం ఎక్కడా లేదు.

నేనూ ఇక్కడ ఆయన పేరు రాయడం లేదు. ఎందుకు రాయడం లేదో చివరికి మీకే తెలుస్తుంది. ఇప్పుడు స్కేలూ పెన్సిలూ పట్టుకుని కొత్తగా ఆఫీసుల్లో చేరుతున్న మన కుర్రాళ్ళు నా దగ్గరకొచ్చి, మీ రోజుల్లో ఉద్యోగాలు ఎంత హాయిగా ఉండేవో కదా అంటూంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మంటతోనే ఇది రాస్తున్నాను.

పంతొమ్మిది వందల ఇరవైల నాటి సంగతి. రంగూన్‌లో పజుండౌంగ్ కాలవ ఒడ్డున ఒక కర్రల మిల్లు ఉండేది. ఎగువ నుంచి తెప్పలుగా కట్టి తెచ్చిన టేకు దుంగలు ఒక పక్క నీళ్ళలో నానుతుండేవి, ఇంకో పక్క పలకలై ఓడలెక్కుతుండేవి. మిల్లుని ఆనుకుని వడ్రపు షెడ్డు. అందులో నలభై మంది దాకా పని చేసేవాళ్ళు, దాదాపు అందరూ మన శ్రీకాకుళం, గంజాం వైపు వాళ్ళే. రంగులూ పాలిషూ మాత్రం ఒక ముసలి బర్మా ఆయన చూసుకునేవాడు. నేను షెడ్డు మీది మేడగదిలో ట్రేసరుని. ట్రేసరంటే ఇంకొకరు గీసిన నక్షా మీద పల్చటి గుడ్డ పరిచి, కింద కనబడే గీతల మీద మళ్ళీ సిరాతో గీసేవాడు. సొంతంగా ఒక్క గీత గీసే హక్కు లేదు. నాకు ఇరవై రెండేళ్ళు. ఇంగ్లీషు వచ్చు కాబట్టి దొరల మాట కిందకి మొయ్యడం, కింది వాళ్ళ మాట పైకి మొయ్యడం కూడా నా నెత్తినే పడింది. జీతం మాత్రం ట్రేసరుదే.

షెడ్డుకి పెద్ద మా మేస్త్రి. చామనఛాయ, పొట్టి మనిషి, ఎడమ చేతి చూపుడు వేలికి సగం గోరు లేదు. కర్రని వేళ్ళతో తట్టి, చెవి ఆనించి విని గానీ రంపానికి ఇచ్చేవాడు కాదు. మెచ్చుకోవడం ఆయనకి చేతకాదు. పని బాగుంటే ఏమీ అనేవాడు కాదు, బాగులేకపోతే ఆ ముక్కని తీసి పొయ్యిలోకి పంపేవాడు. భార్య అదే మిల్లులో చిత్రిక పొట్టు ఎత్తేది. చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగుతూ, మిల్లు ఇంజను చప్పుడు మీంచి కూడా వినబడేటట్టు మాట్లాడేది. వాళ్ళది మా ఊరికి రెండు క్రోసుల దూరం. చుట్టరికం లేకపోయినా ఆయన్ని మావా అనేవాణ్ణి, ఆవిణ్ణి అత్తా అనేవాణ్ణి. నా అద్దె గదిలో పొయ్యి లేదు. మొదటి ఏడాదంతా నేను తిన్నది వాళ్ళింటి అన్నమే.

ఇక దొర. ఆ మిల్లుకి పెద్ద దొర. పాతికేళ్ళు బర్మాలో ఉండి, వెళ్ళిపోయే ముందు తన దేశంలో ఆ బంగళా కొన్నాడు. దాన్ని కట్టించిన పాత వంశం చితికిపోయి అమ్ముకుంది. గోడలూ కప్పూ బాగానే ఉన్నాయి గానీ నడిమి హాల్లోని పెద్ద మెట్లు పుచ్చి కూలిపోయాయట. కొత్త మెట్లు చేయించాలి. టేకు చేతిలో ఉంది, వడ్రంగులు చేతిలో ఉన్నారు. అందుకని ఆ మెట్లు మా షెడ్డులో చేయించి, విడదీసి, పెట్టెల్లో పెట్టి ఓడలో పంపాలని నిశ్చయించాడు. ఆ చుట్టుపక్కల ఇంకేదో పాత బంగళాలో ఉన్న మెట్ల ఫొటోలూ కొలతలూ తెప్పించాడు. వాటిని బట్టి డ్రాఫ్ట్స్‌మన్ వేసిన నక్షాని ట్రేసు చేసి, నిండు కొలతలకి పెంచి ఇవ్వడం నా పని.

పద్దెనిమిది మెట్లు, ఒక మలుపు, మలుపు దగ్గర మనిషి ఎత్తు స్తంభం. స్తంభం తల మీద దానిమ్మ కాయ. షెడ్డు నేల మీద సుద్దతో నిండు కొలతల నక్షా నేను గీశాను. దాని మీద మోకాళ్ళేసి ఆయన నాలుగు నెలలు పని చేశాడు. నాలుగో నెలలో మెట్లన్నీ వదులుగా నిలబెట్టి, తను ఒకసారి ఎక్కి దిగాడు. ఏడో మెట్టు దగ్గర ఆగాడు. మళ్ళీ ఎక్కాడు. నన్ను పిలిచి, ఏడోది అరంగుళం ఎత్తయింది, కాలు చెప్తోంది అన్నాడు. నక్షా తీసి చూస్తే నిజమే. ట్రేసింగులో నేను ఒక గీత వదిలేసి పక్క గీత మీద గీశాను. అలాంటి తప్పుకి దొర ఒక ట్రేసరుని అంతకు ముందు ఏడాదే ఇంటికి పంపాడు. మేస్త్రి ఎవరికీ చెప్పలేదు. రెండు రోజులు కూర్చుని ఆ మెట్టు కొత్తది చేశాడు. పాతదాన్ని పొయ్యిలోకి పంపాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఇది గుర్తు పెట్టుకోండి, తర్వాత నేను చేసిన పని చదివేటప్పుడు పనికొస్తుంది.

ఇంకొకటి కూడా గుర్తు పెట్టుకోవాలి. మెట్లు విడదీసి పంపుతారు కాబట్టి, ఏ ముక్క ఎక్కడ బిగించాలో తెలియడానికి ప్రతి ముక్క మీదా గుర్తు వెయ్యాలి. చివర నాలుకలాగా చెక్కే కుసి ఒక ముక్కకి ఉంటుంది, అది దూరే తొలి ఇంకో ముక్కకి ఉంటుంది. రెండింటి మీదా ఒకే అంకె ఉలితో చెక్కుతారు. బిగించాక అంకె లోపలే ఉండిపోతుంది, బయటికి కనబడదు. మన వడ్రంగులు ఆ అంకెలు మన అంకెల్లోనే వేస్తారు. మా మేస్త్రికి చదువు రాదు. ఒకటి నుంచి వంద దాకా తెలుగు అంకెలు మాత్రం ముత్యాల్లా చెక్కేవాడు. ౧ దగ్గర మొదలుపెట్టి ౧౮ దాకా, ఎడమా కుడీ, చెక్కాడు.

పని ఇంకో వారంలో అవుతుందనగా ఆయన నన్ను పక్కకి పిలిచాడు. మన వైపు ద్వారబంధం ఎత్తినప్పుడు ఇంటి యజమాని వడ్రంగిని పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, కొత్త పంచె, కండువా, తాంబూలం ఇస్తాడు. ఆ తర్వాతే ఇంట్లో వాళ్ళు గుమ్మం దాటతారు. అది కూలి కాదు. కూలి వేరు. ఇది, ఈ ఇల్లు నీ చేతి మీద నిలబడింది అని పదిమందిలో ఒప్పుకోవడం. బంగళా సముద్రం అవతల ఉన్నా యజమాని ఇక్కడే ఉన్నాడు కాబట్టి, పెట్టెలకి మేకులు కొట్టే ముందు షెడ్డులోనే ఆ మర్యాద జరిపించమని దొరకి చెప్పాలి. ఆయన జీవితంలో ఇంత పెద్ద పని ఇదే. అడిగిందల్లా ఒక పంచె, ఒక కండువా.

చెప్తానన్నాను. మేడ మీద దొర గది గుమ్మం దాకా మూడు సార్లు వెళ్ళాను. బొట్టు పెట్టడం గురించి, పీట గురించి ఆ దొరకి ఇంగ్లీషులో ఎలా చెప్పాలో ఆలోచిస్తే నాకే సిగ్గేసింది. నవ్వుతాడేమోనని భయం. మూడు సార్లూ వెనక్కి వచ్చేశాను. సాయంత్రం మేస్త్రి అడిగాడు.

"సెప్పినావా బాబూ దొరకి?"

"సెప్పాను మావా."

"ఏటన్నాడు?"

"సరేనన్నాడు."

అంతే. ఆ ఒక్క మాటకి ఇన్నేళ్ళయినా నా మీద నాకు కోపం తగ్గలేదు.

ఆ రోజు రానే వచ్చింది. రెండు రోజుల్లో ఓడ బయల్దేరుతుంది. మేస్త్రి పొద్దున్నే తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. మెట్లన్నీ బిగించి నిలబెట్టాడు. షెడ్డు తలుపులు తెరిస్తే కాలవ మీంచి వచ్చిన ఎండ వాటి మీద పడింది. నలభై మందీ పని ఆపి చుట్టూ నిలబడ్డారు. అత్త పొట్టు బుట్ట పక్కన పెట్టి, ఇత్తడి పళ్ళెంలో పసుపు, కుంకుమ, తమలపాకులు పట్టుకుని మొదటి మెట్టు పక్కన నిలబడింది. ఆ రోజు ఆవిడ నోట్లో చుట్ట లేదు. దొర రాకుండా ఉంటే బాగుండునని మొక్కుకుంటున్నాను.

దొర వచ్చాడు. వెనక బంట్రోతు చేతిలో గోనెగుడ్డలో చుట్టిన మూట. దాన్ని చూసి అత్త మొహం విప్పారింది. నా చెవి దగ్గరకొచ్చి, గోనెలో చుట్టి తెచ్చాడేమిటి బట్టలు అంది. నేను నేల చూపులు చూశాను.

దొర మెట్లెక్కాడు. దిగాడు. మళ్ళీ ఎక్కి, దానిమ్మ కాయ మీద చెయ్యేసి నిమిరాడు. అద్భుతంగా ఉంది అని నాతో ఇంగ్లీషులో అన్నాడు. తర్వాత, మరీ బాగుంది, అదే చిక్కు అన్నాడు. నాలుగు వందల ఏళ్ళ ఇంట్లో నిన్న చేసిన మెట్లుంటే ఊళ్ళో పెద్దమనుషులు నవ్వుతారట. ఎక్కడ చేయించావని అడుగుతారట. రంగూన్‌లో అని చెప్పుకోవాలి. టేకు అమ్మి సంపాదించిన డబ్బుతో టేకు దేశంలో చేయించానని ఒప్పుకోవాలి. అది ఆయనకి నామోషీ. పాతికేళ్ళు ఈ కాలవ ఒడ్డు గాలి పీల్చి, ఈ కర్ర మీద బతికి, ఈ కర్ర పేరు చెప్పుకోవడానికి నామోషీ!

బంట్రోతు మూట విప్పాడు. అందులో ఒక ఇనప గొలుసు, నాలుగైదు గుండ్రాళ్ళు, దబ్బనాల్లాంటి ఉక్కు మొనలు ఉన్నాయి. గొలుసుతో మెట్ల అంచుల మీద బాదాలి, రాళ్ళతో మూలలు కొట్టాలి, ఉక్కు మొనలతో పురుగు తిన్నట్టు బొక్కలు పెట్టాలి, తర్వాత నల్లరంగు పులమాలి. అప్పుడు అది వాళ్ళ దేశపు పాత ఓక్ కర్రలా కనబడుతుంది. దొర తనకొచ్చిన అరకొర హిందుస్తానీలో, చేతులతో చూపిస్తూ మేస్త్రికి అదే చెప్పాడు. చెప్తూ ఉక్కు మొన ఒకటి ఆయన చేతికి ఇచ్చాడు.

మేస్త్రి దాన్ని చూశాడు. అత్త చేతిలోని పళ్ళెం చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఆ మొన నేల మీద పెట్టి నాతో అన్నాడు:

"టేకుకి పురుగు పట్టదు బాబూ. పట్టదనే కదా ఈ కర్రని ఓడలెక్కించి ఊరూరా అమ్ముకుంతన్నాడు. లేని పురుగుని నన్ను తెమ్మంటాడేటి? పుచ్చుకర్ర కాలి కింద ఎట్టుకుంటే ఇల్లు నిలబడదు. ఆడి మంచికే సెప్తన్నాను. సెప్పు."

నేను దొర వైపు తిరిగి, ఇది చాలా రోజులు పట్టే పని అంటున్నాడండీ అని చెప్పాను. ఇంకోసారి చదువుకోండి. ఆయన అన్నదేమిటి, నేను చెప్పిందేమిటి! దొర గడియారం చూసుకున్నాడు. అయితే ఇంకెవరైనా పట్టండి అని షెడ్డంతా కలయచూశాడు. నలభై మందిలో ఒక్కడూ కదల్లేదు. పాలిష్ చేసే ముసలాయన, రంగు పూయమంటే పూస్తాను గానీ బొక్కలు నా పని కాదు అని బర్మా భాషలో గొణిగి చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. దొర చూపు చివరికి నా మీద ఆగింది. నీ చెయ్యి వణకదు, గీతలు గీసే చెయ్యి కదా అన్నాడు.

వంగి ఆ మొన తీసుకున్నాను.

ఎవరూ నన్ను కొట్టలేదు, కత్తి చూపించలేదు. ఉద్యోగం పోతుందేమోనని భయపడ్డాను, అంతే. మలుపు దగ్గర పదకొండో మెట్టు మీద మొదటి బొక్క పెట్టినప్పుడు అత్త పళ్ళెంలోని పసుపు కుంకుమ తన కొంగులో పోసుకుని, ఖాళీ పళ్ళెం చంకన పెట్టుకుంది. మేస్త్రి పనిముట్ల సంచి భుజానేసుకుని ద్వారం దగ్గర ఒక్క క్షణం ఆగి వెనక్కి చూశాడు. తర్వాత ఇద్దరూ కాలవ గట్టున నడిచి వెళ్ళిపోయారు. ఆయన ఎక్కడికి పోతున్నాడని దొర అడిగాడు. నేను తల ఎత్తకుండా రెండో బొక్క పెట్టాను. మర్నాటి నుంచి గేటు దగ్గర దర్వాను ఆయన్ని లోపలికి రానివ్వలేదు. ఆ కాలవ పొడుగునా ఏ మిల్లులోనూ పని ఇవ్వకూడదని కబురు కూడా వెళ్ళింది.

బొక్కల విషయంలోనూ నా తెలివి చూడండి. అలవాటు కొద్దీ స్కేలు పెట్టి, అంగుళానికొకటి చొప్పున వరసగా పెట్టుకుంటూ పోయాను. దొర చూసి పగలబడి నవ్వాడు. పురుగు స్కేలు పెట్టుకుని తింటుందా అన్నాడు. మళ్ళీ అక్కడక్కడా, ఒకటి ఎత్తుగా, ఒకటి వాలుగా, పురుగులా ఆలోచించి పెట్టాను. మొత్తం నూట ముప్పై. ఆరు నెలల్లో నన్ను డ్రాఫ్ట్స్‌మన్‌ని చేశారు. సొంతంగా గీత గీసే హక్కు నాకు అలా వచ్చింది.

దొర వెళ్ళిపోయాడు. మూడు వానాకాలాలు గడిచాయి. ఒకరోజు ఆ బంగళా చరిత్ర పార్సెల్లో మిల్లు ఆఫీసుకి వచ్చింది. రాసింది ఆ ఊరి పాత పాదిరీ. అచ్చు వేయించింది మన దొర. పాత స్నేహితులకి తలా ఒక ప్రతి. కొత్త మేనేజరు బొమ్మలు తిరగేసి అద్దాల బీరువాలో పెట్టించాడు. మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్ళినప్పుడు నేను తీసి చదివాను.

మెట్ల మీద ఒక అధ్యాయమే ఉంది. పక్క జిల్లాలో కూలిపోతున్న ఇంకో పురాతన భవనంలోంచి ఊడదీయించి, కొత్త యజమాని ఎంతో శ్రమపడి వాటిని కాపాడాడట. ఆ ఓక్ కర్ర ఆ జిల్లా అడవులదేనట. ఆ చెక్కడం ఆ జిల్లా పల్లెటూరి వడ్రంగులదేనట. అంత నిజాయితీ గల చేతిపని ఇంకే దేశంలోనూ కనబడదట. కర్ర వయసుకి సాక్ష్యం పురుగు బొక్కలట! నా చేతి బొక్కల్ని దగ్గర్నుంచి ఫొటో తీసి వేశారు. చూస్తూ ఉంటే తల కొట్టేసినట్టయింది.

పేజీ తిప్పాను. ఒక మెట్టు వదులై ఊడి వచ్చిందట. దాన్ని సరిచెయ్యడానికి పక్క మెట్లు కూడా ఎత్తితే లోపల వింత గుర్తులు కనబడ్డాయట. పాదిరీ వాటి మీద కాగితం పెట్టి రుద్ది, అచ్చుగుద్దినట్టు పేజీ నిండా వేయించాడు. ౯, ౧౦, ౧౧, ౧౨. పూర్వకాలపు వడ్రంగుల రహస్య చిహ్నాలట అవి. ౧౧ అంటే రెండు గుర్రపు నాడాలట. ఆ వడ్రంగులు గుర్రాల శాలలో పని చేసిన వంశం వాళ్ళయి ఉండాలట. ౧౦ అంటే నాడా పక్కన పూర్ణచంద్రుడట. దాని మీద రెండు పేజీల వ్యాఖ్యానం. ఆ కాగితం మీద నాకు మా మేస్త్రి ఉలి కనబడింది. తొమ్మిది చుట్టు దగ్గర ఉలిని కాస్త ఎత్తి తిప్పడం ఆయన వాటం. అది కూడా అచ్చులో పడింది. పాదిరీకి తెలియదు, క్షమిద్దాం. ఆ రాత ఎవరిదో దొరకి తెలియదా? పాదిరీ ఆయన పక్కన కూర్చునే కదా రాశాడు! కుక్క పేరు కూడా అచ్చు వేయించిన మనిషి, నాలుగు నెలలు తన ఎదురుగా మోకాళ్ళ మీద పని చేసిన మనిషిని గుర్రాల శాలకి అప్పజెప్పి ఊరుకున్నాడు.

ఆ శనివారం పుస్తకాన్ని గుడ్డసంచిలో దాచి ఇంటికి తెచ్చాను. ఆదివారం ట్రాము ఎక్కి చిమిండైంగ్ వెళ్ళాను. మేస్త్రి అక్కడ నది ఒడ్డున, బజారు వెనకాల, సంపాన్ పడవలకి మరమ్మతులు చేస్తున్నాడని విన్నాను. మూడేళ్ళలో ఒక్కసారీ వెళ్ళలేదు. వెళ్ళడానికి మొహం చెల్లలేదు. ఆ రోజు మాత్రం కోపం నన్ను లాక్కుపోయింది. ఆ కోపంలో నా తప్పు నాకు చిన్నదిగా కనబడింది.

ఆయన తెడ్డు ఒకటి చెక్కుతున్నాడు. నన్ను చూసి పక్కనున్న పలక చూపించాడు, కూర్చున్నాను. అత్త టీ తెచ్చి నేల మీద పెట్టింది, చేతికి ఇవ్వలేదు. పుస్తకం విప్పి ఆ పేజీ ఆయన ముందు పెట్టాను. చేతులు తుడుచుకుని, అంకెల మీద వేలు పెట్టి, తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు అని మెల్లగా చదివాడు. అత్త వంగి చూసింది. ఇది నీ చేతిదే కదా అంది. ఆయన తల ఊపాడు.

పాదిరీ రాసిందంతా చెప్పాను. గుర్రపు నాడాల దగ్గర అత్త ఉమ్మేసింది. తర్వాత నా ఆలోచన చెప్పాను. పాదిరీకి ఉత్తరం రాస్తాను. ఎత్తని మెట్ల కింద ఏ అంకె ఉందో, ఎటు పక్క ఉందో గీసి పంపుతాను. ఒక్క మెట్టు ఎత్తి చూసుకుంటే చాలు, కాదనడానికి వీల్లేదు. మేస్త్రి పేరు, ఊరు, జిల్లా రాస్తాను. మళ్ళీ అచ్చు వేసినప్పుడైనా ఆ పేరు ఎక్కించి తీరాలి.

అత్త వెంటనే అందుకుంది. "రాయించు. బట్టలెట్టమంటే గొలుసెట్టినాడు ఆ దొర. ఆడి పుస్తకంలో నీ పేరెక్కాల."

బట్టలనే మాట విన్నాక ఇక దాచలేకపోయాను.

"మావా, ఆ బట్టల మాట దొరకి నాను సెప్పనేదు. సెప్పానని నీతో అబద్దమాడాను."

ఆయన తెడ్డు తీసుకోబోయి కింద పెట్టేశాడు.

"అయితే ఆడికి తెలీదా?" అన్నాడు. "మూడేళ్ళు ఆడ్నే తిట్టుకున్నాను బాబూ. పొద్దున్న లేసి ఆడ్ని తిట్టుకునే ఉలి అట్టుకున్నాను."

దొరని వెనకేసుకు రావడానికి ఇది రాయడం లేదు. పని అయ్యాక పనివాడి మొహం చూడాలని ఒకరు వెళ్ళి చెప్పాలా? ఒక పంచె మాట నేను చెప్పలేదు, సరే. మిగతాదంతా ఆయన తెలిసే చేశాడు. కానీ ఆ ఆదివారం నా ఎదురుగా కూర్చున్న మనిషికి నేను ఈ మాటలేవీ చెప్పలేకపోయాను. మూడేళ్ళ ఆయన కోపాన్ని నేను తప్పు చిరునామాకి పంపించాను.

మేస్త్రి పుస్తకం మళ్ళీ దగ్గరకి లాక్కున్నాడు. ఊడింది పదకొండోదా అని అడిగాడు. ఔనన్నాను. నీ మొదటి బొక్క సరిగ్గా దాని కుసి మీద పెట్టావు, వెళ్తూ చూశాను, అక్కడ కర్ర బలం పోయింది, అందుకే ఊడింది అన్నాడు. ఆయన చేసిన మెట్టు ఊడిందన్న బాధ తప్ప ఆ గొంతులో ఇంకేమీ లేదు. పురుగు బొక్కల ఫొటో ఉన్న పేజీ తిప్పి, దాని మీద అరచెయ్యి పెట్టాడు.

"నా పేరు రాయకు."

"అదేటి మావా, అన్నాయం కదా."

"నా పేరెడితే ఈ బొక్కలూ నాయే అయిపోతాయి. పుచ్చుకర్రతో మెట్లు కట్టినోడు అని ఆ ఊరోళ్ళు నన్ను సెప్పుకుంటారు. నాను కట్టినప్పుడు ఈ కర్రకి సిల్లి లేదు." పుస్తకం మూసి నా ఒళ్ళో పెట్టాడు. "రాయాలని ఉంటే నీ పేరెట్టి రాయి. బొక్కలు నీయి."

అత్త నేను ముట్టని టీ తీసుకెళ్ళి నదిలో పారబోసింది. ఆయన తెడ్డు మళ్ళీ అందుకున్నాడు. నేను ఎప్పుడు లేచి వచ్చానో కూడా ఆయన చూడలేదు.

సోమవారం పొద్దున్న ఎవరూ రాకముందే పుస్తకాన్ని అద్దాల బీరువాలో పెట్టేశాను. పాదిరీకి ఉత్తరం రాయలేదు. నా పేరు పెట్టి రాస్తే డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం ఉండదు. ఆయన పేరు పెట్టి రాయడానికి అనుమతి లేదు. ఆ రెండింటి మధ్యా ముప్పై ఏళ్ళు నక్షాలు గీసి, వీడ్కోలు సభలో పూలదండ వేయించుకుని, రంగూన్‌లోనే తామ్వేలో ఈ ఇంటికి వచ్చి కూర్చున్నాను. ఆ సభలో మేనేజరు, వీడి చెయ్యి ఎప్పుడూ వణకలేదు అని మెచ్చుకున్నాడు.

మేస్త్రీ లేడు, అత్తా లేదు. ఆ బంగళాలో మెట్లు ఉంటే ఉన్నాయి. టేకు కదా, ఉండే ఉంటాయి. ఎవరో పిల్లలు వాటి మీద పరిగెడుతూ ఉంటారు, ఎవరో పెద్దాయన చుట్టాలకి ఆ బొక్కలు చూపించి నాలుగు వందల ఏళ్ళ కథ చెప్తూ ఉంటాడు. కుర్రాళ్ళూ, మీలో ఎవరైనా ఎప్పుడైనా ఆ వైపు వెళ్ళి, ఆ హాల్లో నిలబడితే, నా తరఫున ఒక్క మాట చెప్పండి. పాదిరీకి రాయని ఆ ఉత్తరం ఇన్నాళ్ళకి ఇదిగో రాశాను. మెట్లు పద్దెనిమిది, అవి ఎవరివో చెప్పొద్దని ఆ చేసినాయనే అన్నాడు. బొక్కలు నూట ముప్పై, అవి నావి. పేరు కావాలంటే, మీరు చదువుతున్న ఈ నా పుస్తకం అట్ట మీద ఉంది.